నానో భౌతికశాస్త్రం, కాంతి సెన్సర్లలో పీహెచ్‌డీ: ఫెలోషిప్‌తో కూడిన సీటు సంపాదించడం ఎలా?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరంలో ఉన్న విద్యార్థి పీహెచ్‌డీ గురించి మాట్లాడటం మొదలుపెడితే, సాధారణంగా మొదట అడిగేది ఏ టాపిక్ తీసుకుంటే మంచిదని. దానికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న మరొకటి ఉంది. నెలనెలా వచ్చే డబ్బు నా పేరు మీద మంజూరైనదా, గైడ్ గారి ప్రాజెక్టు పేరు మీద మంజూరైనదా? మొదటిదైతే ల్యాబ్ నచ్చకపోయినా, గైడ్ బదిలీ అయినా, నిబంధనలకు లోబడి ఆ ఫెలోషిప్‌ను మరో చోటికి తీసుకువెళ్లే అవకాశం మిగిలి ఉంటుంది. రెండోదైతే ప్రాజెక్టు ముగిసిన రోజే స్టైపెండ్ కూడా ముగుస్తుంది.

ఈ తేడా అన్ని శాస్త్రాల్లోనూ ఉన్నదే అయినా నానో ఫోటానిక్స్‌లో ఎక్కువ బాధ పెడుతుంది. ఒక్క సెన్సర్ నమూనా తయారు కావాలంటే దుమ్ము చొరబడని క్లీన్‌రూమ్‌లో మన వంతు రావాలి, సూక్ష్మ ఆకృతులు గీసే ఎలక్ట్రాన్ బీమ్ యంత్రం పని చేస్తూ ఉండాలి, బంగారం పూత సరిగ్గా అంటుకోవాలి, ఆ తర్వాత కొలిచే స్పెక్ట్రోమీటర్ ఖాళీగా దొరకాలి. వీటిలో ఏ ఒక్కటి ఆగినా మూడు నెలలు ఇట్టే గడిచిపోతాయి. అందుకే ఈ మార్గదర్శిలో టాపిక్ గురించి తక్కువగా, డబ్బు గురించి, పరికరాల గురించి, సన్నద్ధత గురించి ఎక్కువగా రాస్తున్నాను.

మొదటి అడుగు: రోజువారీ పని ఎలా ఉంటుందో తెలుసుకోవడం

బయటి నుంచి చూస్తే అంతా "నానో" అనే ఒకే పేరుతో కనిపిస్తుంది. లోపలికి వెళితే కనీసం నాలుగు రకాల బతుకులు ఉన్నాయి. ప్లాస్మానిక్స్ (లోహపు ఉపరితలం మీది ఎలక్ట్రాన్లను కాంతితో ఊగించే విద్య), ఉపరితలం వల్ల బలపడే రామన్ పరిక్షేపణం (చెదిరిన కాంతిని బట్టి అణువులను గుర్తించే పద్ధతి) వంటి రంగాల్లో సగం పని రసాయనశాస్త్రం లాంటిది; వెండి, బంగారు నానోకణాలను తయారు చేయడం, అవి ప్రతిసారీ ఒకే పరిమాణంలో రాకపోతే కారణం వెతకడం. ఆప్టికల్ ఫైబర్ సెన్సర్లలో పని కొంత ఇంజనీరింగ్ వైపు మొగ్గుతుంది. 1550 నానోమీటర్ల దగ్గర పనిచేసే మామూలు ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ (ఒకే తరంగదైర్ఘ్యాన్ని వెనక్కి పంపే ఫైబర్ ముక్క) ఒక డిగ్రీ ఉష్ణోగ్రతకు సుమారు 10 పికోమీటర్ల మేర తన తరంగదైర్ఘ్యాన్ని మార్చుకుంటుంది, ఆ చిన్న మార్పును నమ్మకంగా చదవడమే అక్కడి విద్య. సిలికాన్ చిప్పు మీద సూక్ష్మ వలయాలు, మెటాసర్ఫేస్‌ల (కాంతిని మలిచే నానో ఆకృతుల పొరల) పని అంటే క్లీన్‌రూమ్ కాపురం. వజ్రంలోని నైట్రోజన్-ఖాళీ కేంద్రాలతో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే క్వాంటమ్ సెన్సింగ్‌లో లేజర్, మైక్రోవేవ్, ప్రోగ్రామింగ్ మూడూ కలిసి ఉంటాయి, అక్కడ ఆ కేంద్రాల అనునాద పౌనఃపున్యమైన 2.87 గిగాహెర్ట్జ్ అన్న సంఖ్య ఇంటి నంబరులా నోటికి వచ్చేస్తుంది.

చీకటి గదిలో ఒక లేజర్ కిరణాన్ని రెండు చిల్లుల గుండా పోనిచ్చేందుకు అద్దాల మరలు తిప్పుతూ గంటలు గడపడం మీకు విసుగు అనిపిస్తే, ఆ సంగతి ఇప్పుడే తెలుసుకోవడం మేలు. అలాంటి వారికి సిమ్యులేషన్ గ్రూపులు ఉన్నాయి, అది చిన్నతనమేమీ కాదు.

రెండో అడుగు: మన దేశంలో డబ్బు వచ్చే దారులు

అందరికీ తెలిసినది సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ ద్వారా వచ్చే జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్). ఏడాదికి రెండుసార్లు జరిగే ఈ పరీక్షలో భౌతికశాస్త్రం పేపరు 200 మార్కులకు, మూడు గంటలు. పార్ట్ ఏ 30 మార్కులు, పార్ట్ బీ 70, పార్ట్ సీ 100. ఎక్కువ మంది దెబ్బతినేది పార్ట్ సీలో. 30 ప్రశ్నల్లో 20 మాత్రమే రాయాలి, ఒక్కోటి 5 మార్కులు, తప్పుకు పావు వంతు కోత. అన్ని యూనిట్లనూ పైపైన చదివినవారికంటే క్వాంటమ్, విద్యుదయస్కాంతం, గణాంక భౌతికశాస్త్రం, గణిత పద్ధతులు గట్టిగా చదివినవారే ఇక్కడ నెగ్గుతారు. 2023 జనవరి 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత సమీక్షలో నెగ్గితే సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్)గా 42,000 రూపాయలు, నగరం స్థాయిని బట్టి ఇంటి అద్దె భత్యం అదనం. ఇది మీ పేరు మీద వచ్చే డబ్బు, కాబట్టి విలువ రెట్టింపు.

2024 నుంచి ఈ నెట్ ఫలితాలను మూడు వర్గాలుగా ప్రకటిస్తున్నారు. జేఆర్‌ఎఫ్ రాకపోయినా "పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే" అన్న వర్గంలో అర్హత దొరకవచ్చు. అప్పుడు నెట్ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది, ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. అయితే ఈ అర్హత సీటు ఇస్తుందే గాని స్టైపెండ్ ఇవ్వదు. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకొని చేరి, తర్వాత చేతి ఖర్చులకు ఇబ్బంది పడుతున్నారు.

గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. దాని ఆధారంగా ఐఐటీల్లో సీటు వస్తే సంస్థ తరఫున అదే స్థాయి స్టైపెండ్ వస్తుంది, బదులుగా వారానికి ఎనిమిది గంటల మేర బీటెక్ ల్యాబులు, ట్యుటోరియళ్లు చూడాలి. జెస్ట్ పరీక్ష భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలు చాలా వాటికి ఉమ్మడి తలుపు. టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) తన పరీక్షను విడిగా పెడుతుంది, హైదరాబాద్ గోపనపల్లిలోని దాని కేంద్రం కూడా ఆ దారిలోనే తీసుకుంటుంది. యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వచ్చినవారు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ (డీఎస్టీ) ఇచ్చే ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌ను మరువకూడదు. 2018లో మొదలైన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్‌లో నెలకు 70,000తో మొదలై చివరి రెండేళ్లు 80,000 వరకు, ఏటా 2 లక్షల పరిశోధన గ్రాంటు విడిగా ఇచ్చారు. 2025 బడ్జెట్‌లో ఐఐటీలు, ఐఐఎస్సీలకు ఐదేళ్లలో 10,000 ఫెలోషిప్‌లని ప్రకటించారు. అర్హతలు మారుతూ ఉంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషనే ప్రమాణం.

ఇక మిగిలింది గైడ్ ప్రాజెక్టు నిధి నుంచి వచ్చే ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

మూడో అడుగు: ప్రకటనను అక్షరం అక్షరం చదవడం

ప్రాజెక్టు ప్రకటనలు ఇంచుమించు ఒకే మూసలో ఉంటాయి. "ప్లాస్మానిక్ నానోనిర్మాణాలతో నీటిలోని కలుషితాల గుర్తింపు అనే ప్రాజెక్టులో ఒక జేఆర్‌ఎఫ్ ఖాళీ. వ్యవధి మూడేళ్లు లేదా ప్రాజెక్టు ముగిసే వరకు, ఏది ముందైతే అది. ఎంపికైనవారు సంస్థ నిబంధనల మేరకు పీహెచ్‌డీకి నమోదు చేసుకోవచ్చు." ఈ మూడు వాక్యాల్లో మూడు ఉచ్చులు ఉన్నాయి.

మొదటిది "ఏది ముందైతే అది." ప్రాజెక్టు ఎప్పుడు మంజూరైందో ప్రకటనలో ఉండకపోవచ్చు. మూడేళ్ల ప్రాజెక్టులో పరికరాలు కొనేసరికే ఏడాది గడిచి, అప్పుడు మనిషిని తీసుకుంటే మీకు మిగిలేది రెండేళ్లే. మంజూరైన తేదీ అడగడం అమర్యాద కాదు. రెండోది "నమోదు చేసుకోవచ్చు" అన్న మాట. చేసుకోవచ్చు అంటే చేయిస్తామని కాదు. ప్రవేశ పరీక్ష మళ్లీ రాయాలా, కోర్స్‌వర్క్ ఎప్పుడు, ఫీజు ఎవరు కడతారు అన్నవి చేరకముందే మెయిల్‌లో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. మూడోది "సంస్థ నిబంధనల మేరకు." కొన్ని చోట్ల ప్రాజెక్టు ముగిశాక సంస్థ ఫెలోషిప్‌లోకి మారే వీలుంటుంది, కొన్ని చోట్ల ఉండదు. నాతో చదివిన మిత్రుడొకడు ఒక చోట ఇలాగే చేరి, పంతొమ్మిదో నెలలో స్టైపెండ్ ఆగిపోయి, థీసిస్ పూర్తయ్యే వరకు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ ట్యూషన్లు చెప్పుకున్నాడు. డిగ్రీ వచ్చింది గాని, ఆ మూడేళ్ల గురించి ఇప్పటికీ మాట్లాడడు.

ఇంత చెప్పినా ప్రాజెక్టు దారిని తీసిపారేయడం సరికాదు. నెట్ మరో ప్రయత్నంలో వచ్చే నమ్మకం ఉన్నవారికి అది ల్యాబ్‌లో అడుగు పెట్టే మంచి మెట్టు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 6,003.65 కోట్లతో ఆమోదించిన నేషనల్ క్వాంటమ్ మిషన్ కింద సెన్సింగ్, మెట్రాలజీ హబ్ ఐఐటీ బాంబేకు దక్కింది, అది 2030-31 వరకు సాగుతుంది. అలాంటి దీర్ఘకాలిక నిధితో నడిచే ప్రాజెక్టుకూ చివరి ఏడాదిలో ఉన్న చిన్న ప్రాజెక్టుకూ పోలిక లేదు.

నాలుగో అడుగు: పరికరాలను బట్టి చోటు ఎంచుకోవడం

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో లేజర్‌తో నానోకణాలు తయారుచేసి, రామన్ పద్ధతిలో పేలుడు పదార్థాల అవశేషాలను గుర్తించే పని చాలా కాలంగా సాగుతోంది. డీఆర్‌డీవో తోడ్పాటుతో ఏర్పడిన ఏక్రెమ్ అనే కేంద్రం దానికి ఆధారంగా నిలిచింది. బెంగళూరులో ఐఐఎస్సీ నానో సైన్స్ అండ్ ఇంజనీరింగ్ కేంద్రం, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, జవాహర్‌లాల్ నెహ్రూ కేంద్రం, నానో అండ్ సాఫ్ట్ మ్యాటర్ సైన్సెస్ కేంద్రం ఉన్నాయి. మొహాలీలో నానో సంస్థ, చండీగఢ్‌లో శాస్త్రీయ పరికరాల సంస్థ సీఎస్ఐఓ, కోల్‌కతాలో ఫైబర్ గాజు పనికి పేరున్న సీజీసీఆర్‌ఐ ఉన్నాయి.

పేర్లను చూసి మురిసిపోవడం కంటే ఒక పని చేయండి. మీకు నచ్చిన గ్రూపు గత మూడేళ్లలో వేసిన పేపర్లలో చివరన ఉండే కృతజ్ఞతల పేరా చదవండి. నిధులు ఎవరిచ్చారో, నమూనాలు ఎక్కడ తయారు చేశారో అక్కడే ఉంటుంది. ప్రతిసారీ ఫ్యాబ్రికేషన్ బయటి సంస్థలోనే జరిగిందంటే, మీరూ ఆ ఊరికి తిరగవలసి వస్తుంది. అది అసాధ్యం కాదు; ఐఐఎస్సీ, ఐఐటీ బాంబే వంటి చోట్ల బయటి పరిశోధకులకు తలుపులు తెరిచే ఐఎన్‌యూపీ కార్యక్రమం అందుకోసమే ఉంది. చిన్న విశ్వవిద్యాలయంలో మంచి గైడ్ దొరికినవారు దీన్ని ఆధారం చేసుకొని బాగా పని చేయవచ్చు. రెండో పరీక్ష, ఆ గ్రూపులో మొదటి రచయితలుగా ఉన్న విద్యార్థులు ఏటా మారుతున్నారా, ఒక్కరే కనిపిస్తున్నారా అన్నది.

ఐదో అడుగు: విదేశాల వైపు చూసేవారికి

జర్మనీలో పీహెచ్‌డీ చాలా వరకు ఉద్యోగమే. ప్రకటనలో టీవీ-ఎల్ ఈ13 (అక్కడి ప్రభుత్వ జీతాల శ్రేణి) అనీ, పక్కన 50 నుంచి 75 శాతం మధ్య ఒక అంకె అనీ ఉంటుంది. అంటే పూర్తి జీతంలో అంత భాగం. పని మాత్రం పూర్తిగానే ఉంటుంది, ఆ విషయంలో భ్రమలొద్దు. యేనా పట్టణం ఈ రంగానికి పుట్టిల్లు వంటిది. సూక్ష్మదర్శినికి కాంతి విధించే హద్దును 1873లో ఎర్న్‌స్ట్ ఆబె అక్కడే సూత్రీకరించాడు. ఇప్పుడు ఆయన పేరుతోనే ఫోటానిక్స్ స్కూల్, దాని దాపునే లైబ్‌నిజ్ ఫోటానిక్ టెక్నాలజీ సంస్థ నడుస్తున్నాయి. ఎర్లాంగెన్‌లో కాంతి శాస్త్రానికి మాక్స్ ప్లాంక్ సంస్థ, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆమోల్ఫ్, బార్సిలోనా పక్కన ఇక్ఫో అనే పరిశోధన సంస్థలు కూడా ముందు వరుసలోనివే. నెదర్లాండ్స్‌లో సాధారణంగా నాలుగేళ్ల ఉద్యోగ ఒప్పందం ఉంటుంది, మొదటి ఏడాది తర్వాత సమీక్ష ఉంటుంది.

యూరోపియన్ యూనియన్ నిధులిచ్చే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్ ఉద్యోగాలు యూరాక్సెస్ పోర్టల్‌లో పడతాయి. నియామకానికి ముందటి 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదన్న నియమం వల్ల, నేరుగా ఇక్కడి నుంచి దరఖాస్తు చేసేవారికి అనుకూలత ఉంది. అక్కడే ఎమ్మెస్సీ చేస్తున్న తెలుగు విద్యార్థులు అదే దేశంలోని ఉద్యోగానికి అనర్హులు కావచ్చు. జీతం మామూలుగా 36 నెలలకే ఉంటుంది. డిగ్రీకి నాలుగేళ్లు పట్టే దేశమైతే నాలుగో ఏటి జీతం ఎవరిస్తారో ఇంటర్వ్యూలోనే అడగాలి.

బ్రిటన్‌లో ప్రభుత్వ పరిశోధన మండలి ఇచ్చే కనీస స్టైపెండ్ 2025-26కు 20,780 పౌండ్లు. కాని ఆ స్టూడెంట్‌షిప్‌లలో విదేశీ విద్యార్థులకు 30 శాతం వరకే పరిమితి ఉంది. స్వదేశీ ఫీజుకూ విదేశీ ఫీజుకూ ఉన్న తేడాను విశ్వవిద్యాలయం మాఫీ చేస్తుందా అన్నది తెలుసుకోకుండా "ఫుల్లీ ఫండెడ్" అన్న మాటను నమ్మకూడదు. అమెరికాలో అరిజోనా, రోచెస్టర్, సెంట్రల్ ఫ్లోరిడా ఆప్టిక్స్‌కు పేరుపడ్డవి. అక్కడ ట్యూషన్ మాఫీతో పాటు బోధన లేదా పరిశోధన సహాయకుడిగా స్టైపెండ్ ఇస్తారు, దరఖాస్తు గడువులు ఎక్కువగా డిసెంబరు చుట్టూ ఉంటాయి. వేసవి నెలల స్టైపెండ్ ఆఫర్ లెటర్‌లో ఉందో లేదో చూసుకోండి.

ఇక్కడే నమోదైనవారికీ దారులున్నాయి. ఫ్రాన్స్‌లో కొన్ని నెలలు పని చేయడానికి రామన్-చార్పాక్, అమెరికాకు ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ అలాంటివి.

ఆరో అడుగు: చేతిలో ఒక పని ఉంచుకోవడం

మన డిగ్రీ, పీజీ కళాశాలల్లో చాలా చోట్ల స్పెక్ట్రోమీటరే లేదు, ఇక నానో పరిశోధన అనుభవం ఎక్కడి నుంచి తేవాలని అడుగుతారు. ల్యాప్‌టాప్ చాలు. గాజు పట్టకం మీద 50 నానోమీటర్ల బంగారు పొర, దాని అవతల గాలి, ఇవతల నుంచి 633 నానోమీటర్ల లేజర్. ప్లాస్మానిక్ సెన్సర్లకు మూలమైన క్రెచ్‌మన్ అమరిక ఇదే. పొరలన్నిటికీ మాత్రికలు రాసి గుణిస్తే పరావర్తనం వస్తుంది. పైథాన్‌లో యాభై పంక్తులు మించదు. బంగారం విలువలకు 1972 నాటి జాన్సన్, క్రిస్టీ కొలతలు అందరూ వాడేవి. బీకే7 గాజుతో లెక్క సరిగ్గా వస్తే 44 డిగ్రీల దగ్గర పరావర్తనం నిలువునా పడిపోతుంది. గాలి స్థానంలో నీరు పెడితే ఆ లోయ 72 డిగ్రీల దాపుకు జరుగుతుంది. ఆ తర్వాత పొర మందాన్ని 30కి తగ్గించి, 70కి పెంచి, రెండు వైపులా లోయ లోతు ఎందుకు తగ్గిపోతుందో మీ మాటల్లో అర పేజీ రాయండి. ఒక వారాంతం పని. సర్టిఫికెట్ కోర్సులు పది చేసినా దీనికి సాటి రావు, ఎందుకంటే దీని మీద ఎన్ని ప్రశ్నలడిగినా మీకు జవాబు తెలిసి ఉంటుంది.

ఏడో అడుగు: మెయిల్, సంకల్ప పత్రం (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్)

"మీ పరిశోధన నాకెంతో ఆసక్తికరంగా అనిపించింది" అనే మెయిల్‌ను ఆచార్యులు రోజుకు ఎన్ని చూస్తారో ఊహించవచ్చు. దాని బదులు నాలుగు వాక్యాలు చాలు. వారి ఏ పేపరు చదివారు, అందులో ఏ పటం దగ్గర మీకు సందేహం వచ్చింది, దాన్ని తేల్చడానికి మీరేం చేశారు, మీ ఫెలోషిప్ స్థితి ఏమిటి. ఆఖరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. జేఆర్‌ఎఫ్ ఉన్నదన్న సంగతిని మూడో పేజీలో దాచిపెట్టకూడదు.

సంకల్ప పత్రంలో ఊరి సంగతి రాయాలనిపిస్తే రాయండి, కాని అంకెలతో రాయండి. నల్లగొండ విద్యార్థి ఫ్లోరైడ్ సెన్సర్ చేయాలనుకోవడం సహజం. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మరి మీ సెన్సర్ ఒకటికీ ఒకటిన్నరకూ తేడా చెప్పగలదా? అదే బోరు నీటిలోని ఇతర లవణాలను ఫ్లోరైడ్‌గా పొరబడదా? ఈ రెండు ప్రశ్నలూ మీరే వేసుకున్న పత్రాన్ని ఎంపిక సంఘం పక్కన పెట్టదు.

ఎనిమిదో అడుగు: ఇంటర్వ్యూ

సెన్సర్ గ్రూపుల్లో దాదాపు తప్పనిసరిగా వచ్చే ప్రశ్న గుర్తింపు హద్దు గురించి, అంటే సెన్సర్ పసిగట్టగల అతి చిన్న మార్పు గురించి. ఉదాహరణకు వక్రీభవన గుణకం ఒక ప్రమాణం మారితే శిఖరం 200 నానోమీటర్లు జరిగే సెన్సర్ ఉందనుకుందాం, శిఖరాన్ని చదవడంలో నాయిస్ 0.005 నానోమీటర్లు. నాయిస్‌ను మూడుతో గుణించి 200తో భాగిస్తే 0.000075. ఇక్కడి వరకు చాలామంది చెప్పేస్తారు. అప్పుడు సంఘంలో ఒకరు నెమ్మదిగా, గదిలో ఏసీ ఆగిపోతే ఏమవుతుందని అడుగుతారు. నీటి వక్రీభవన గుణకం డిగ్రీకి సుమారు 0.0001 తగ్గుతుంది. అంటే ఒక్క డిగ్రీ మార్పే మీరు గర్వంగా చెప్పిన హద్దును దాటేసింది. ఉష్ణోగ్రతను అదుపు చేయాలి, లేదా పక్కనే రిఫరెన్స్ ఛానల్ పెట్టి దాని మార్పును తీసివేయాలి అన్న మాట మీ నోటి నుంచి వస్తే, మిగతా ఇంటర్వ్యూ సంభాషణలా సాగుతుంది.

తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పి, ఎక్కడి నుంచి మొదలుపెట్టి ఆలోచిస్తారో చెప్పండి. తెలుగు మీడియంలో చదివినవారు ఇంగ్లిష్ గురించి భయపడతారు గాని, బోర్డు మీద పటం గీసి వివరించేవారికి వ్యాకరణ దోషాలు అడ్డు రావు.

చివరి అడుగు: కాగితాలు, చేరిక

ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో, టీసీ, మైగ్రేషన్ ముందే తీసి ఉంచుకోండి. రాష్ట్రంలో ఇచ్చే బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా కావాలి, పైగా రాష్ట్ర జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు. కౌన్సెలింగ్ రోజున తహసీల్దార్ కార్యాలయానికి పరుగెత్తడం కంటే జూన్‌లోనే చూసుకోవడం నయం.

సిఫారసు లేఖలకు హెడ్ గారికంటే మీ ప్రాజెక్టు చేయించినవారే మేలు. మీ పని ఏమిటో ఒక పేజీ రాసి, గడువుకు నెల ముందు వారి చేతికివ్వండి.

ఆఫర్ వచ్చాక, ఒప్పుకునే ముందు, ఆ గ్రూపులో రెండో మూడో సంవత్సరంలో ఉన్న విద్యార్థితో పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడండి. స్టైపెండ్ నెలనెలా వస్తుందా అని అడగండి. చేరాక మొదటి స్టైపెండ్ ఆలస్యం కావడం మామూలే. జాయినింగ్ రిపోర్టు, బ్యాంకు వివరాలు, హాస్టల్ ఇవ్వలేదన్న పత్రం అన్నీ దాటి ఫైలు కదిలేసరికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. అంతవరకు మెస్ బిల్లుకు, అద్దె అడ్వాన్సుకు సరిపడా డబ్బు చేతిలో ఉంచుకొని రైలెక్కండి.